మంగంపేటలో సముద్రం

ధనుర్మాసం వచ్చిందంటే మా యింట్లో తెల్లవారుజామున మొదటి పని ముగ్గు, రెండవ పని ఆ ముగ్గు మీద వాదం. ముగ్గు మా ఆవిడది, వాదం మా అమ్మాయిది. ఈ యేడు వాదం చుక్కల లెక్క దగ్గర కాక పిండి దగ్గరే పుట్టింది.

"ఇంత చిన్న సంచి ఇంత బరువేందమ్మా?" అన్నది అమ్మాయి.

"ముగ్గురాయి పిండి మరి. బరువుండక దూది మాదిరి ఉంటుందా?" అన్నది తల్లి.

తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవయ్యేళ్లుగా కళాశాలలో పాఠాలు చెబుతున్న మనిషి ఇంట్లో ఉండగా ఇటువంటి ప్రశ్న ఊరికే పోకూడదు గదా! నేను కల్పించుకున్నాను. ముగ్గురాయిని శాస్త్రజ్ఞులు బెరైటీస్ అంటారనీ, ఆ పేరు గ్రీకు భాషలో బరువు అని అర్థమిచ్చే మాట నుంచి వచ్చిందనీ, మన రాజంపేట నుంచి బస్సెక్కితే గంటలోపు చేరే మంగంపేటలో దాని నిక్షేపం ఉందనీ, ప్రపంచంలో ఒకేచోట పోగుపడిన ముగ్గురాయిలో అంత పెద్దది మరొకటి లేదంటారనీ చెప్పాను.

"అక్కడే ఎందుకుంది నాన్నా?"

"ఒకప్పుడక్కడ సముద్రం ఉండేది గనుక."

మా ఆవిడ ముగ్గుచిప్ప కింద పెట్టి నవ్వింది. "బిందెడు నీళ్లకు ట్యాంకరు కోసం కాచుకునే సీమలో సముద్రమా! బాగుంది."

నవ్వితే నవ్వింది గాని, ఆమె రోజూ నిలబడి వంట చేసే గట్టు మీది నల్ల కడపరాయి కూడా ఒకనాటి సముద్రపు అడుగే. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు పొరలు పొరలుగా లేచే ఆ సున్నపురాయి నీటి అడుగున పేరుకున్న బురద. మనం ఆ సముద్రం మీదే ఉల్లిపాయలు తరుగుతున్నాం. ఈ మాట చెబితే మా ఆవిడ నమ్మలేదు. అమ్మాయి మాత్రం, "చూపిస్తావా?" అన్నది.

చూపించడానికి నాకు చేతనవునా? తాళపత్రం ఇస్తే చదువుతాను, రాతిని ఎట్లా చదవాలి? అందుకు మా అయ్యవారే తగినవారు. ఆయన భూగర్భశాస్త్రం చెప్పి విశ్రాంతి తీసుకున్నారు. ఒకే కళాశాలలో కొన్నేళ్లు పనిచేశాం. వయసులో నాకన్నా చాలా పెద్ద. ఆయన పేరు వినగానే నాకు కొంచెం సిగ్గు వేసింది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఫోను చేశాను. "వస్తాను నాయనా. కాని నాకు నీటికాసుల జబ్బు. కుడికన్ను పోయింది, ఎడమకంటికి మనుషులు నీడల్లాగా కనబడతారు. నేను చెబితే మీరు చూడాలి. పాపను ఒక నోటుబుక్కు తెమ్మను" అన్నారు.

ఆదివారం ఉదయం ఆటో మాట్లాడుకుని ముగ్గురం బయల్దేరాం. ఆటో కుర్రవాడిది ఓబులవారిపల్లె వైపే. "రాళ్లు చూసేకి పోతున్నామా సామీ?" అని రెండుసార్లు అడిగి నిర్ధారణ చేసుకున్నాడు.

రాజంపేట దాటి తిరుపతి దారిన పోతుంటే పడమట శేషాచలం, పాలకొండల వరస, తూర్పున వెలికొండలు. మధ్య లోయలో మామిడి, అరటి, బొప్పాయి తోటలు. కోడూరు పండ్లు ఎక్కడెక్కడికో పోతాయి గాని, లోయ అడుగు రాతిని పట్టించుకునేవాళ్లు తక్కువ. పుల్లంపేట వచ్చింది. ఊరి పేరు చెప్పగానే అయ్యవారు ఆటో ఆపించి, "పాపా, మొదటి పేజీలో ఈ పేరు రాయి" అన్నారు.

ఏమిటంటే, 1872లో విలియం కింగ్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు కడప, కర్నూలు శిలల మీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. ఈ కొండల్లో తిరిగి, ఏ పొర మీద ఏ పొర ఉందో వరస కట్టాడు. వాటికి ఇక్కడి ఏళ్ల పేర్లు, కొండల పేర్లు, ఊళ్ల పేర్లు పెట్టాడు. పాపఘ్ని, చెయ్యేరు, నల్లమల, గువ్వలచెరువు, వేంపల్లె, నగరి, పుల్లంపేట అన్నీ ఆ వరసలో ఉన్నాయి. నేటికీ ఏ దేశం పండితుడైనా ఈ రాళ్ల గురించి రాయాలంటే మన పల్లెల పేర్లే పలకాలి. "పుల్లంపేట పలకరాయి అంటే లండన్లో తెలుస్తుంది. పుల్లంపేటలో అడిగి చూడు" అని నవ్వారు అయ్యవారు.

అక్కడి నుంచి పడమటి కొండల పాదం దాకా మట్టిదారిన పోయి, ఒక ఎండిన వంక దగ్గర దిగాం. వంకనిండా కొండ మీది నుంచి దొర్లిన రాతిపలకలు. ఎర్రగా, తెల్లగా, గట్టిగా ఉన్న ఆ రాయిని క్వార్ట్‌జైట్ అంటారు. ఒకప్పుడు ఇసుక. వేడికీ ఒత్తిడికీ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఇంత గట్టిపడింది.

అయ్యవారు కర్ర పక్కన పెట్టి, వంగి, అరచేత్తో ఒక్కొక్క పలకనే తడుముతూ పోయారు. నాలుగోదో అయిదోదో దగ్గర చెయ్యి ఆగింది. "పాపా, ఇక్కడ నీ వేళ్లు పెట్టు."

పలక మీద వరసగా గట్లు, మధ్య పల్లాలు. రేకుల పైకప్పు మీద చెయ్యి వేసినట్టున్నది.

"మైపాడు పోయినప్పుడు చూసినాం నాన్నా! అల వెనక్కి పోయినాక ఇసుకలో ఇట్లే ఉండె!" అన్నది అమ్మాయి.

నెల్లూరు మైపాడు తీరంలో కిందటి వేసవిలో చూసింది ఇక్కడ, సముద్రానికి ఇంత దూరాన, రాయిలో ఉన్నది! నాకు ఒళ్లు జలదరించిన మాట నిజం. అయ్యవారు మాత్రం తొణకలేదు. "అలలు అని అప్పుడే రాయొద్దు. ముందు చూసింది రాయి. గట్టుకు గట్టుకు ఎన్ని వేళ్లు? రెండు పక్కలా వాలు ఒకటేనా, ఒక పక్క నిట్రంగా ఉందా?"

కొలిచింది. మూడు వేళ్లు. రెండు పక్కలా వాలు దాదాపు సమానం.

అప్పుడు చెప్పారు. నీళ్లు ముందుకూ వెనక్కూ ఊగితే ఇసుకగట్టు రెండు పక్కలా సమంగా ఉంటుంది. అది లోతులేని నీటిలో అలల పని. నీళ్లు ఒకే దిక్కుకు పారితే, నీరు వచ్చే పక్క వాలు మెల్లగా, పోయే పక్క నిట్రంగా ఉంటుంది. అది ఏటి పనో, ప్రవాహం పనో. మనం చూసిన పలక అలల లెక్కకే సరిపోతుంది. ఇంకో సంగతి. ఇటువంటి గట్టు కొన మొనదేలి పైకి ఉంటుంది, పల్లం వెడల్పుగా గుండ్రంగా ఉంటుంది. కనుక రాతిపొర తలకిందులైనా పట్టుకోవచ్చు. ఇక్కడి పొరలు ఆ తర్వాత భూమి నలిపిన నలుపుడికి దుప్పటి మడతల్లా వంగిపోయాయి. కొన్నిచోట్ల పుస్తకం బోర్లా పడినట్టు కింది పొర పైకి వచ్చింది. చదివేవాడు ముందు పుట తల ఎటో తోక ఎటో తేల్చుకోవాలి.

తీరం ఆనవాళ్లు ఇంకా ఉన్నాయన్నారు. చెరువు ఎండితే నెర్రెలు విడుస్తుంది గదా! ఆ నెర్రెల్లో మళ్లీ ఇసుక నిండి రాయైతే, ఆ నేల ఒకప్పుడు తడిసిందనీ, మళ్లీ ఎండిందనీ సాక్ష్యం. వేంపల్లె వైపు రాళ్లలో ఇవి ఉన్నాయి. వాటితోబాటు క్యాబేజీని అడ్డంగా కోసినట్టు పొరమీద పొరగా ఉండే స్ట్రోమటోలైట్లూ ఉన్నాయి. వెలుతురు తగిలే లోతులేని నీటిలో కంటికి కనిపించని జీవులు జిగురుపరుపులుగా పెరిగి, వాటి మీద సన్నపు బురద అంటుకుని, మళ్లీ పెరిగి కట్టిన ఇళ్లవి. అప్పటికి చేప లేదు, గవ్వ లేదు, నేల మీద గడ్డిపోచ లేదు.

"మరి ఈ ఇసుక దేనిమీద పరుచుకున్నది?" అని అడిగాను. దానికి తిరుమల ఘాట్‌రోడ్డు చూడమన్నారు. అక్కడ కింద గ్రానైటు, దానిమీద ఈ నగరి క్వార్ట్‌జైట్. రెండింటి మధ్య గీత మీద చెయ్యి పెడితే, చేతికింద సుమారు 80 కోట్ల ఏళ్లు గల్లంతై ఉన్నాయట. గ్రానైటు పుట్టింది, కోసుకుపోయింది, ఎన్ని యుగాల తర్వాతనో సముద్రం వచ్చి దానిమీద ఇసుక పరిచింది. భూగర్భ సర్వేక్షణ శాఖవారు ఆ చోటును జాతీయ భూవారసత్వ చిహ్నంగా గుర్తించారు. 1788లో స్కాట్లండు సముద్రపుటొడ్డున సిక్కార్ పాయింటు దగ్గర జేమ్స్ హట్టన్ ఇటువంటి గీతనే చూసి, భూమి వయసు మనిషి ఊహకందేది కాదని మిత్రులకు చూపించాడు. మనం ఏటా గోవిందనామం చేస్తూ అంతకన్నా తక్కువ కాని గీతను బస్సు కిటికీలోంచి దాటిపోతున్నాం.

మంగంపేట చేరేసరికి పదకొండైంది. దారిపక్కనే కొండల్లాంటి మట్టిదిబ్బలు, రాయి పిండి చేసే మిల్లులు, చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము. గని ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ వారిది. ముందుగా అనుమతి తీసుకున్నాం గనుక ఒక ఉద్యోగి వెంటవచ్చి, మాకు హెల్మెట్లు పెట్టించి, పై గట్టు మీద చూడదగిన చోట నిలబెట్టాడు.

గని అంటే నేను సొరంగం అనుకున్నాను. ఇది సొరంగం కాదు, మెట్లు మెట్లుగా దిగిపోయే పెద్ద కోనేరు. అడుగున లారీలు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. గోడల మీద బూడిద, నలుపు, పాలిపోయిన పసుపు చారలు.

ఉద్యోగి పిడికిలి కన్నా కాస్త పెద్ద రాయి ఒకటి అమ్మాయి చేతికిచ్చాడు. చెయ్యి దిగిపోయింది. అయ్యవారు లెక్క చెప్పారు. లీటరు చెంబు పట్టేంత మామూలు రాయి రెండు కిలోల ఏడువందల గ్రాములు తూగుతుంది. అంతే పరిమాణం గల మేలైన ముగ్గురాయి నాలుగు కిలోలకు పైనే. ఆ బరువే దాని విలువ. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి గ్యాసు పైకి తన్నకుండా, ఈ పిండి కలిపిన బరువైన బురదను బావిలో నింపుతారు. ఎడారి దేశాల నూనెబావుల మూతి మన కడప బరువుతో అణిగి ఉన్నదన్నమాట. నీటిలోనూ, కడుపులోని ఆమ్లంలోనూ కరగదు గనుక, బాగా శుద్ధిచేసిన ఈ పదార్థాన్నే ఎక్స్‌రే తీసే ముందు రోగి చేత తాగిస్తారు.

"ఇప్పుడు చదువుదాం" అన్నారు అయ్యవారు. వంకలో చూసిన క్వార్ట్‌జైట్ వరసలో కింది పుట, తీరం ఇసుక. దాని పైది పుల్లంపేట పలకరాయి, అంటే సన్నని బురద. ఇసుక బరువు, ఒడ్డు దగ్గరే దిగుతుంది. బురద తేలిక, నీళ్లు నిలకడగా ఉన్నచోటికి పోయి దిగుతుంది. ఇసుక మీద బురద వచ్చిందంటే, ఆ చోట నీళ్లు లోతయ్యాయని, ఒడ్డు దూరం జరిగిందని అర్థం. మంగంపేట దగ్గర ఆ బురదరాయి నల్లగా, బొగ్గుపాలు కలిసి ఉంటుంది. గాలి సోకని అడుగున చచ్చిన జీవపదార్థం కుళ్లి పోకుండా మిగిలిపోతేనే ఆ నలుపు. మనం పొద్దున అలలు కొట్టే ఒడ్డున ఉన్నాం. పదకొండింటికి నిశ్శబ్దంగా ఉండే సముద్రపు అడుగుకు వచ్చేశాం.

ఆ నల్లటి బురద నడుమ ముగ్గురాయి ఎక్కడిది? చూడవచ్చేది రెండు పొరలు. కింది పొర పంచదార పలుకుల్లాంటి రవ్వరాయి. పై పొరలో గుండ్రటి గింజలు, పొంగడాల పిండిలో సెనగపప్పు వేసినట్టు. ఇవి ఎట్లా వచ్చాయన్నదానికి వ్యాఖ్యాతలు ఏకమాట మీద లేరు. సముద్రంలో అగ్నిపర్వతం పేలి, ఆ బూడిదగా, ఆ గుండ్లుగా ఇవి రాలాయని ఒక వ్యాఖ్య. చుట్టుపక్కల అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన రాయి ఉండడం దానికి బలం. సముద్రపు అడుగు పగుళ్లలోంచి బేరియం కరిగిన నీరు ఊరిందని ఇంకొక వ్యాఖ్య. అటువంటి నీటికి సముద్రపు నీటిలోని సల్ఫేటు తగిలితే, పాలు విరిగినట్టు తెల్లటి మడ్డి అడుగున దిగుతుంది. గింజలు పైనుంచి రాలినవి కావు, బురద లోపలే స్ఫటికాలు పువ్వుల్లా విచ్చుకుని పెరిగినవని మరొక వ్యాఖ్య.

నాకు నవ్వు వచ్చింది. ఒక్క పద్యానికి మా వాళ్లు నాలుగు అర్థాలు చెప్పి, నలుగురూ మాట్లాడుకోవడం మానేసిన సందర్భాలు ఎరుగుదును. ఆ మాటే అన్నాను.

"పద్యం దిద్దిపోతే ఇంకో ప్రతి చూస్తారు. దీనికి రెండో ప్రతి ఏదీ?" అన్నారు అయ్యవారు.

ఇక నా సిగ్గు సంగతి. పన్నెండేళ్ల కిందట ఆయన నన్ను ఇక్కడికి రమ్మన్నారు. ముగ్గురాయి అడుగుభాగమూ, దాని కింది నల్లరాయీ కలిసేచోటు ఒక గోడలో చక్కగా తేలిందనీ, తాను పొరలు చెబుతూంటే నన్ను వరసగా రాసిపెట్టమనీ ఆయన కోరిక. అప్పటికే ఆయనకు రాత కష్టమయింది. నేను పరీక్షపత్రాలు దిద్దాలన్నాను. తర్వాత ఎండలన్నాను. ఆ తర్వాత మా బంధువుల పెళ్లి. చివరికి నేను వస్తానన్ననాటికి ఆ గోడ లేదు. గని అన్నాక తవ్వక మానుతుందా? ఆ రాయి పిండై, ఓడెక్కి, ఏ దేశపు బావిలోనో దిగింది. తప్పు గనిది కాదు. ఎన్నో ఇళ్ల పొయ్యి దానివల్లే వెలుగుతున్నది. మా ఆటో కుర్రవాడి తండ్రి కూడా ఇక్కడి మిల్లులో బస్తాలు మోసి కొడుకును పెంచాడు. తప్పు, చదవమని పిలిచినా రాని నాది.

"ఆ గోడ ఎక్కడుండె అయ్యవారూ?" అని అడిగాను.

ఆయన ఎండను బట్టి దిక్కు చూసుకుని, కర్ర ఎత్తి కోనేటి నడుమ ఖాళీ గాలిని చూపించారు. ఆ కర్ర కొసన ఏమీ లేదు. ఆ కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

రాజంపేటవాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. తాళ్లపాక మాకు పక్కనే. అన్నమయ్య సంకీర్తనలు 32,000 అని చెప్పుకుంటాం. తిరుమలలో రాగిరేకుల మీద దక్కినవి అందులో సగం కూడా లేవు. దక్కినవైనా ఎవరో రేకుల మీద చెక్కించి దాచబట్టి దక్కాయి. రాతిపుటలను ఎవరూ చెక్కనక్కర లేదు, అవే చెక్కుకున్నాయి. కాని తవ్వేముందు ఒకరు చదివి రాసిపెట్టాలి. బొమ్మ గీయాలి, కొలత వేయాలి, మచ్చుకొక ముక్క దాచాలి. తవ్వకం ఆపమని కాదు, చదివి తవ్వమని.

అన్నం మూట విప్పుకుని చెట్టు కింద కూర్చున్నాక అమ్మాయి, "ఇదంతా ఎన్నేండ్ల కిందట తాతా?" అని అడిగింది.

నంద్యాల గిద్దలూరు రైలుదారిలో, నల్లమలలో, చెలిమ అనే చోటుందట. అక్కడి పలకరాయి పుల్లంపేట పలకరాయికి తోబుట్టువు. దాన్ని చీల్చుకుని లాంప్రాయిట్ అనే అగ్నిశిల పైకి వచ్చింది. ఆ అగ్నిశిల వయసు కొలిస్తే సుమారు 140 కోట్ల ఏళ్లని తేలింది. "పుస్తకానికి పురుగు తొలిచిన బెజ్జం ఉందనుకో. పురుగు ముందా, పుస్తకం ముందా?"

"పుస్తకమే."

"అయితే పలకరాయి 140 కోట్ల ఏండ్ల కన్నా పాతది. ఎంత పాతదో చెప్పేదానికి ఇంకో సాక్ష్యం కావాల. లేని సాక్ష్యం మనం పుట్టించకూడదు."

తిరుగు ప్రయాణంలో, "ఏం రాసినావో చదువు పాపా" అన్నారు. అమ్మాయి ఆటో కుదుపుల్లోనే చదివింది. పుల్లంపేట. వంక. గట్టుకూ గట్టుకూ మూడు వేళ్లు, రెండు పక్కలా సమానం. గని. కింద రవ్వరాయి. పైన అగ్నిపర్వతం రాల్చిన గుండ్లు.

"ఆగు. అగ్నిపర్వతాన్ని నువ్వు చూసినావా?"

"లేదు."

"ఏం చూసినావు?"

"గుండ్రంగా గింజలు."

"ఎంతంత?"

అమ్మాయి ఒడిలోని రాయిని కిటికీ వెలుతురులో తిప్పి చూసి, ఆయన చేతికిచ్చింది. ఆయన బొటనవేలితో మెల్లగా తడిమారు.

"సెనగగింజంత" అన్నది అమ్మాయి.

"అదే రాయి. అగ్నిపర్వతం పక్క పేజీలో, ఫలానావాళ్లు ఇట్లా అంటారని వేరే రాయి. రేపు ఇంకొకరు వచ్చి వేరే అర్థం చెప్పినా, నీ సెనగగింజ అట్లే ఉంటుంది."

ఆమె కొట్టేసి మళ్లీ రాసింది. ఆ రాయి ఇప్పుడు మా వంటింట్లో కడపరాయి గట్టు మీదే ఉన్నది. మా ఆవిడ సముద్రాన్ని ఇంకా పూర్తిగా నమ్మలేదు గాని, దాన్ని ఎవరూ కదిలించకూడదని మాత్రం పనిమనిషికి చెప్పింది. వచ్చే నెల అయ్యవారిని తీసుకుని గండికోట పోవాలని అమ్మాయి పంతం పట్టింది. పెన్న కోసిన ఆ గోడల్లో పొరలు వరసగా ఉంటాయట. ఆ వారంలోనే పరీక్షపత్రాలు వస్తాయి. ఈసారి అవి ఆగుతాయి.